ఓడిన ఆటగాని యెడల



వీడియో గేములను గూర్చి మన యిండ్లలో సాధారణముగా రెండు మాటలే వినవచ్చుచుండును. అవి చదువును చెరచునని పెద్దలు, అవి లేనిదే ప్రొద్దుపోదని పిల్లలు. మొదటి మాట పరీక్షలను గూర్చినది, రెండవది విసుగును గూర్చినది. ఆటను గూర్చి మాటాడువారు అరుదు. చిన్ననాటినుండి ఈ ఆటల నాడుచు, తోడి ఆటగాండ్రతో రాత్రులు తెల్లవారునట్లు వాదించుచు, బాగున్న ఆట యేల బాగున్నదో, చెడిన ఆట యెచ్చట చెడినదో తరచి చూచుచు వచ్చినవాడను గనుక, ఈనాడు ఆటను ఆటగానే గ్రహించి, దాని కూర్పులోని గుణదోషములను తేల్చుటకు నేను నమ్మిన గీటురాయి నొకదానిని మీ ముందుంచదలచితిని. ఆట తన చేతిలో ఓడిన మనుష్యుని ఎట్లు చూచును? ఇదియే ఆ గీటురాయి.

ఈ ప్రశ్న తక్కిన కళలకు లేదు. పాఠకుడు ఒక ప్రకరణమును సరిగా గ్రహింపలేదని నవల తన తరువాతి పుటను దాచుకొనదు. శ్రోతకు తాళము తప్పినంత మాత్రమున గాయకుడు పాట నాపడు. వీడియో గేము మాత్రము ఆపును. నీకు చేతకాలేదు, మరల మొదలుపెట్టుమని రసికుని మొగము మీదనే చెప్పునట్టి కళ ఇదియొక్కటే. కొత్తగా ఆడువాడు గడపు కాలములో అధికభాగము పడుటలోను, చచ్చుటలోను, మరల లేచుటలోనే గడచిపోవును గనుక, ఓటమిని ఎట్లు కూర్చవలెనన్నదే ఆటను కూర్చువాని ప్రధానకార్యమని నా దృఢాభిప్రాయము. బొమ్మల సౌందర్యమును, సంగీతమును, కథను నేను ఎంతయో ప్రేమింతును. కాని ఓటమి చెడిన ఆటను అవి మూడును కలిసియు కాపాడజాలవు.

జపానుదేశమున క్యోటో నగరములోని నింటెండో సంస్థ 1985లో వెలువరించిన సూపర్ మారియో బ్రదర్స్ అను ఆటను ఎరుగనివారు ఆటగాండ్రలో ఉండరు. షిగెరు మియమోటో, తకాషి తెజుకా యను నిర్మాతలు ఆ ప్రపంచమునంతయు 40 కిలోబైట్లలో ఇమిడ్చిరి. ఇప్పటి ఫోనులో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకు అంతకు ఎన్నో రెట్లు చోటు కావలెను. తెలుగునాట 1990 దశకమున టీవీకి తగిలించుకొని ఆడిన చవుక యంత్రములలో, మనము క్యాసెట్టు అని పిలిచిన ఆ ప్లాస్టికు పెట్టెలలో, ఈ ఆట యుండని పెట్టె అరుదుగా నుండెడిది. ఆ ఆటలోని మొదటి నిమిషమును కొంచెము నిదానించి చూతము.

మారియో తెర ఎడమవైపున నిలుచుండును. అతని మొగము కుడివైపునకు తిరిగియుండును, కుడివైపు అంతయు ఖాళీగా నుండును. పోవలసిన దిక్కు ఏదియో ఎవరును చెప్పలేదు, చెప్పవలసిన పనియు లేదు. కొన్ని అడుగులు వేయగానే ఎదుటినుండి చిట్లించిన కనుబొమలతో గోధుమరంగు ప్రాణి యొకటి మెల్లగా వచ్చును. ఏమియు తెలియనివాడు దానికి తగిలి చచ్చును. కాని అతడు పోగొట్టుకొన్నది కొన్ని క్షణముల నడక మాత్రమే. రెండవసారి దుముకును, దుముకి దాని నెత్తిమీద పడెనా, అది అణగిపోవును. అటుపిమ్మట నెత్తిమీది ప్రశ్నార్థకపు దిమ్మెను తల తాకగా పుట్టగొడుగు ఒకటి బయటకు వచ్చును. దాని ఆకారము ఇంతకుమున్ను తన్ను చంపిన ప్రాణిని పోలియుండుటచే ఆటగాడు బెదరును. అది కుడివైపునకు జారి, క్రింద పడి, అచ్చటనున్న ఆకుపచ్చని గొట్టమునకు తగిలి, వెనుదిరిగి అతనిమీదికే వచ్చును. తప్పించుకొనుటకు ఎగిరినచో నెత్తిమీది ఇటుకలు తగిలి మరల దానిమీదనే పడును. పడగానే మారియో పెద్దవాడగును! భయపడవలసినది ఇది, కోరవలసినది ఇది యను వివేకమును ఒక్క అక్షరము వ్రాయకుండ, ఆటగాడు తప్పించుకొనుట కష్టమగు రీతిగా గొట్టమును, ఇటుకలను పేర్చి నేర్పిన ఆ నేర్పును తలచినప్పుడెల్ల నాకు గౌరవము కలుగుచుండును.

అంతకంటె సూక్ష్మమైన మర్యాద అదే అంకములో ముందున్నది. మెట్లు కట్టిన దిబ్బలు రెండు ఎదురెదురుగా నుండి, వాని నడుమ గట్టినేల యుండును. ఒక దిబ్బనుండి రెండవ దిబ్బకు దుముకబోయి తప్పినవాడు నేలమీద పడును; నష్టమేమియు లేదు, మరల ఎక్కవచ్చును. ఆ వెనువెంటనే అట్టివే దిబ్బలు మరి రెండు వచ్చును. వాని నడుమ నేల యుండదు, అగాధ ముండును. ఓటమికి ముందే ఓటమి యొక్క అభ్యాసమును అపాయము లేకుండ చేయించుట యనగా నిదియే. చంపుటకు ముందు నేర్పిన ఆట చంపినను నాకు కోపము రాదు.

పర్షియా రాకుమారుని ఆట వేరొక మార్గమున నడచినది. జోర్డాన్ మెక్నర్ అను అమెరికా యువకుడు తన తమ్ముడు పరుగెత్తుచు, దుముకుచు, గోడలు పట్టుకొని ప్రాకుచు నుండగా వీడియో తీసి, ఆ కదలికలనే బొమ్మలుగా మార్చి, 1989లో ప్రిన్స్ ఆఫ్ పర్షియాను ఆపిల్ 2 కంప్యూటరు కొరకు వెలువరించెను. తరువాత అది డాస్ కంప్యూటర్లకు వచ్చి, మన పాఠశాలలలో మాస్టారు బయటకు వెళ్లిన వేళల కంప్యూటరు గదుల నేలినది. గడువు అరువది నిమిషములు. ఎన్నిసార్లు చచ్చినను ఆ అంకము మొదటినుండి ఆడవచ్చును గాని గడియారము మాత్రము వెనుకకు తిరుగదు. నేలలోనుండి మేకులు లేచును, కాలి క్రింది పలకలు ఊడిపడును, మూడంతస్తుల ఎత్తునుండి పడినవాడు బ్రదుకడు. ఇంత క్రౌర్యము కలిగియు ఆ ఆట అన్యాయమైనదని నేనెన్నడును అనుకొనలేదు. ఏలయన, ఊడెడు పలక దాపున ఎగిరినచో గలగలలాడి తన గుట్టు తానే చెప్పును. షిఫ్ట్ మీటను నొక్కిపట్టి ఒక్కొక్క అడుగు వేసినవానిని మేకులు చంపవు. తొందరపడినవాడే చచ్చును, చచ్చినవానికి తన తొందరయే కారణమని తెలియును.

ఈ ఆటలో నా మనస్సున నిలిచినది ఛాయాపురుషుని ఘట్టము. ఆపిల్ 2 కంప్యూటరు మెమొరీలో మరియొక శత్రువు బొమ్మను ఉంచుటకు చోటు చాలకపోగా, మెక్నర్ రాకుమారుని బొమ్మనే రంగులు తారుమారు చేసి ప్రతినాయకునిగా మార్చెను. నాలుగవ అంకమున నాయకుడు అద్దములోనుండి దూకగా, ఆ ఛాయ ఆవలివైపున వెలువడి పారిపోవును. తరువాత మందుసీసాను దొంగిలించును, తలుపు మూయించి నాయకుని పాతాళమున పడవేయును. పండ్రెండవ అంకమున చివరకు ఎదురుపడినప్పుడు, ఇంతకాలము కత్తితోనే బ్రదికిన ఆటగాడు దానిని పొడుచును. దానికి తగిలిన గాయము తనకే తగులును. మరల పొడుచును, మరల తనకే. ఎన్నియో మారులు ఓడిన తరువాత, ఏ క్షణముననో చేయి ఆగును, కత్తిని ఒరలో నుంచును, ఛాయయు ఉంచును, ఇద్దరును ఒకరివైపు ఒకరు పోయి ఒక్కటగుదురు. ఈ భావమును వ్యాసముగా వ్రాసినచో రెండు పుటలు పట్టును. ఓటమిచేత చెప్పించినందున అది ఆటగాని చేతివ్రేళ్లకు తెలిసినది.

ఇక సొమ్ము మాట. వీడియో గేములు చాలవరకు వ్యాపారపు వస్తువులు. దానిని నేను తప్పుపట్టను. 1978లో టైటో సంస్థకై తొమొహిరో నిషికాడో కూర్చిన స్పేస్ ఇన్వేడర్స్ నాణెము వేసి ఆడునది. ఓడినవాడు మరియొక నాణెము వేయవలెను. అయినను ఆ బేరములో నీతి యుండెను. వెల ముందే తెలియును, ఎవరికైనను అదే వెల, వేసిన నాణెము క్రొత్త ఆటను కొనిపెట్టును గాని కష్టమును తగ్గింపదు. తరువాతి యంత్రములు ఓడిన క్షణముననే, కొనసాగింతువా యని అంకెలు లెక్కపెట్టుచు రెండవ నాణెమును అడుగ నేర్చినవి. చెరుపు అచ్చట మొలకెత్తినది.

అది నేడు వృక్షమైనది. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగాలో ఆటగానికి అయిదు ప్రాణములు. ఓడిన కొలది ఒక్కొక్కటి పోవును. పోయిన ప్రాణము తిరిగి వచ్చుటకు అరగంట వేచియుండవలెను, లేదా స్నేహితులను యాచింపవలెను, లేదా డబ్బు చెల్లింపవలెను. ఆ ఆటలోని రంగులు, ధ్వనులు, గొలుసుకట్టుగా పగిలెడి మిఠాయిల సొగసు చక్కగా కూర్చినవే. వానిని నేను కాదనను. కాని ఓటమి యచ్చట దుకాణపు బల్ల. మారియోలో చచ్చినవాని ఎదుట ఒక ప్రశ్న నిలుచును: ఎచ్చట తప్పితిని? ఇచ్చట ఓడినవాని ఎదుట నిలుచు ప్రశ్న వేరు: ఎంత యిత్తువు? ఓటమివలననే రాబడి వచ్చునపుడు, అన్యాయమైన ఓటమిని సరిదిద్దవలెనన్న చింత కూర్చువానికి ఎట్లు కలుగును? ఆటను బాగుచేసిన కొలది ఆదాయము తగ్గునట్టి ఏర్పాటులో, ఎంతటి ప్రతిభావంతుడును కొంతకాలమునకు తన కళను మరచును. ఈ సంగతి నన్ను బాధించినంతగా మరేదియు బాధింపలేదు.

లూట్ బాక్సులు దీనికంటె నీచమైనవి. లోపల ఏమున్నదో తెలియని పెట్టెను డబ్బిచ్చి కొని తెరచుట. కోరినది రానిచో మరియొకటి కొనుట. 2017లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2లో ఈ పెట్టెలు ఆటగాని బలమును పెంచునవిగా నుండుట చూచి, ప్రపంచమందలి ఆటగాండ్రు పెద్దయెత్తున తిరుగబడగా, ఆట విడుదల సమయముననే ఆ కొనుగోళ్లను నిలుపవలసి వచ్చెను. మరుసటి సంవత్సరము బెల్జియము ప్రభుత్వపు జూదనియంత్రణ సంఘము ఇట్టి పెట్టెలు జూదమేనని తేల్చినది. మన యొద్ద పందెపు ఆటల గొడవ వేరు దారిని వచ్చినది. పేకాట ఫోనులోనికి ఎక్కి, జీతములను, పొలములను మ్రింగుచుండగా, 2017లో తెలంగాణయు, 2020లో ఆంధ్రప్రదేశమును నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి వర్తించునట్లు డబ్బు పెట్టి ఆడెడి ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహించుచు శాసనము చేసినది. ఆ శాసనమును నేను మనఃపూర్వకముగా మెచ్చుకొందును. ఓడినకొలది పందెము పెంచునట్టి మోహమును సభాపర్వము విన్నవారికి విడమరచి చెప్పనక్కరలేదు. నా కోరిక ఒక్కటే: పెద్దలు ఈ జూదమును చూచి మారియోను ద్వేషింపకుందురు గాక.

కష్టమైన ఆటలన్నియు ఆటగాని హింసించునవియేనా యన్న ప్రశ్న కూడ తరచు వచ్చుచుండును. హిదెతకా మియజాకి నిర్దేశకత్వమున 2011లో వెలువడిన డార్క్ సోల్స్ కఠినమైన ఆటయని లోకప్రసిద్ధి. అందులో చచ్చినవాడు సంపాదించి యింకను వెచ్చింపని సొమ్మంతయు చచ్చిన చోటనే పడియుండును. తిరిగి అచ్చటికి నడచి తీసికొనవచ్చును. నడుమ మరల చచ్చెనా, అది శాశ్వతముగా పోవును. శత్రువులు మరల మునుపటి తావులలోనే నిలుతురు గనుక, రెండవమారు నడచునపుడు ఆ వంపు వెనుక ఎవడు పొంచియున్నాడో తెలియును. పైగా ఇతర ఆటగాండ్రు నేలమీద వ్రాసిపోయిన హెచ్చరికలు కనబడుచుండును. రక్తపు మరకను తాకినచో, అచ్చట చచ్చిన యెవరో అపరిచితుని కడపటి క్షణములు నీడవలె ఆడి మాయమగును. మరీ చేతకానప్పుడు ఒక అపరిచితుని సాయమునకు పిలువవచ్చును, అతడు వచ్చి పోరాడి, మాటాడకయే వెడలిపోవును. డార్క్ సోల్స్‌కు ముందటిదైన డీమన్స్ సోల్స్‌లోనే ఈ యేర్పాటు మొదలైనది. మంచుపడిన కొండదారిలో ఎక్కలేక ఆగిన కార్లు ఒకదానినొకటి వెనుకనుండి నెట్టుకొనుచు ఎక్కుట, గట్టెక్కిన పిమ్మట తన్ను నెట్టినవారికి ఆగి కృతజ్ఞత చెప్పలేకపోవుట తన అనుభవమని, ఆ తలపునుండియే ఇది పుట్టినదని మియజాకి చెప్పియున్నాడు. కాఠిన్యమును తగ్గించు మీట ఆ ఆటలో లేకపోవచ్చును. దయ మాత్రము ఆ లోకమునందే ఉన్నది.

అంతమాత్రమున, సులభమార్గ ముంచిన ఆటలను పరిహసించువారితో నేను ఏకీభవింపను. 2018 నాటి సెలెస్ట్ అను ఆటలో ఒక యువతి పర్వతము నెక్కును. పడినచో రెప్పపాటులో అదే గదిలో లేచును. వ్రేళ్లు సహకరింపనివారు ఆట వేగమును సగము వరకు తగ్గించుకొనవచ్చును. కష్టపడి ఎక్కినవాని ఆనందము, నెమ్మదిగా ఎక్కినవానివలన ఏమి తరిగినది? చేతులు వణకువాడును ఆ శిఖరమును చూడవలెనని నేను కోరుదును.

ఇక ఓడినవానిని తోడి ఆటగాండ్రు చూచు తీరునకు, అనగా ఆటల సంస్కృతికి వత్తము. నింటెండో వారి 1989 నాటి టెట్రిస్‌లో 29వ లెవెలు చేరగానే ముక్కలు ఎంత వేగముగా పడునన్న, మీటను నొక్కిపట్టినవానికి అవి అంచునకు చేరకముందే క్రింద పడిపోవును. అదే మనుష్యుని హద్దని అందరును ఏండ్ల తరబడి నమ్మిరి. తరువాత కొందరు ఆ హద్దును దాటిరి. మరికొందరు బొటనవ్రేలిని మీటమీద ఆనించి, రెండవ చేతివ్రేళ్లతో కంట్రోలరు వీపును వరుసగా తట్టునట్టి రోలింగు పద్ధతిని కనుగొని, దాచుకొనక వీడియోలలో అందరికిని చూపిరి. ఆ పద్ధతిని నేర్చిన ఓక్లహోమా బాలుడొకడు, 13 ఏండ్లవాడు, 2023 డిసెంబరులో 157వ లెవెలు చేరగా ఆటయే స్తంభించిపోయెను. మూడు దశాబ్దులకు పైగా మనుష్యుడే ఓడుచు వచ్చిన ఆట, మొదటిసారిగా మనుష్యుని ఎదుట ఆగినది. ఒకని ఓటమి మరియొకనికి పాఠముగా చేతులు మారుచు వచ్చుటచేతనే అది సాధ్యమైనది.

ఇట్టి ఔదార్యమును నేను మన హైదరాబాదు ఇంటర్నెట్ సెంటర్లలోను చూచితిని. కౌంటర్ స్ట్రైక్ అను తుపాకుల ఆటలో డస్ట్ 2 మైదానమున మాటిమాటికి చచ్చుచున్న చిన్నవాని కుర్చీ వెనుక నిలిచి, తన వంతు కొరకు వేచియున్న పెద్దవాడు వంగి, ‘‘తమ్మీ, తలుపు ముంగట నిలబడకు, గోడకు ఒరుసుకొని తొంగి చూడు’’ అని చెప్పెడివాడు. చిన్నవాడు ఒరిగి చూచెడివాడు. ఆ సారి చచ్చెడివాడు కాదు. నేడు ఆ పెద్దవాని స్థానమున చెవులకు తగిలించుకొన్న మైకు వచ్చినది. ఒక్క తప్పు చేసిన క్రొత్తవాడు నూబ్, అనగా చేతకానివాడు, అనిపించుకొనుట స్వల్పము. అమ్మలను, అక్కచెల్లెండ్రను తిట్టు తిట్లు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో చెవులు మూసికొనునట్లు వినబడును. ఆడపిల్లలు తమ గొంతు వినబడినచో ఏమి వినవలసివచ్చునో యని మైకు కట్టివేసి మౌనముగా ఆడుచున్నారు. నలుగురు కలిసి వ్యూహము పన్నవలసిన ఆటలో ఒకరు నోరు తెరువలేకుండుట ఎంతటి అన్యాయము! 2014లో గేమర్‌గేట్ అను పేర పాశ్చాత్య దేశములలో చెలరేగిన వేధింపులకు, ఆటలను నిర్మించిన స్త్రీలును, విమర్శించిన స్త్రీలును ప్రాణభయముచే ఇండ్లు విడువవలసి వచ్చెను. ఆటనుండి న్యాయమైన ఓటమిని కోరుటకు మనకెంత హక్కు కలదో, మన చేతిలో ఓడినవానికి, మన జట్టులో తప్పినవానికి ఆ న్యాయమును చూపుటకు మనకంత బాధ్యత కలదు. లక్షలమంది చూచుచుండగా తెలుగులో వ్యాఖ్యానించుచు ఆడునట్టి యువకులు ఈ విషయమున తలచుకొన్నచో ఎంతయైన చేయగలరు. వారు తిట్టినచో పిల్లలు తిట్టుదురు, వారు నేర్పినచో పిల్లలు నేర్పుదురు.

తుదకు, ఆటలు కూర్చువారితో ఒక మాట. ఇతర దేశముల ఆటలకు బొమ్మలు గీసి, రూపములు పోతపోయు పనిలో మన యువతీయువకులు హైదరాబాదులో ఆరితేరియున్నారు. స్వంత ఆటలు కూర్చువారును బయలుదేరుచున్నారు. వారు పురాణకథలనే వెదకనక్కరలేదు. మన దేవాలయ మంటపముల రాతినేలలమీద చెక్కియున్న పులిజూదపు గీతలను ఒక్కసారి చూతురు గాక. ఒకవైపు చంపగల పులులు కొన్ని, మరియొకవైపు చంపజాలని మేకలు అనేకము. దారులు మూసి పులిని కదలనీయకుండుటయే మేకల గెలుపు. బలములు సమానము కాకయే ఆట సమానమగునట్టి ఆ కూర్పు, మన పూర్వులు బొగ్గుముక్కతో అరుగుమీద గీసికొని ఆడినది.

మరియు మీరు కూర్చిన మొదటి అంకము సిద్ధమైనప్పుడు, దానిని మీవంటి ఆటగానికి చూపకుడు. ఎన్నడును వీడియో గేము ఆడనివారి చేతికి, మీ అమ్మమ్మగారి చేతికైనను, ఫోను ఇచ్చి ప్రక్కన కూర్చుండుడు. ఏమియు చెప్పకుడు. ఎచ్చట ఓడిపోయిరో, ఓడిన వెంటనే వ్రేలు మరల తెరమీదికి పోయినదో, లేక ఫోను క్రింద పెట్టిరో కాగితముమీద వ్రాసికొనుడు. ఫోను క్రింద పెట్టిన చోటును మరునాడు మార్చి, మరల వారిచేతనే ఆడించి చూడుడు.